సర్వీస్ స్లిప్పులో మీరు ఏమేం రాస్తున్నారు?

బెజవాడ_స్ప్రే:
అందరికీ నమస్తే. విజయవాడలో చిన్న పెస్ట్ కంట్రోల్ నడుపుతున్నాను. నేనూ, ముగ్గురు కుర్రాళ్లూ, అంతే. పదేళ్లుగా ఒకటే స్లిప్పు: కస్టమర్ పేరు, తేదీ, "ట్రీట్‌మెంట్ చేయడమైనది", కింద సంతకం. ఇన్నేళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. మొన్న మా కస్టమర్ హోటల్‌కి ఫుడ్ సేఫ్టీ తనిఖీ వచ్చింది. ఏడాది స్లిప్పులు ఫైల్ చేసి చూపించారట. వచ్చినాయన రెండు కాగితాలు తిప్పి, "ఏ మందు కొట్టారో ఇందులో ఎక్కడుంది?" అన్నాడట. ఓనర్ గారు నాకు ఫోన్ చేసి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. మీరంతా ఏం రాస్తున్నారు? యాప్‌లు కొనే స్తోమత నాకు లేదు, ముందే చెబుతున్నా.

మేడ్చల్_క్యూఏ:
తప్పు మీదే అన్నా, ఏమనుకోవద్దు. నేను ఫుడ్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. ఫుడ్ లైసెన్స్ ఉన్నవాళ్ల తనిఖీ చెక్‌లిస్టులోనే ఈ ప్రశ్న ఉంటుంది: పెస్ట్ కంట్రోల్ జరుగుతోందా, ట్రైనింగ్ ఉన్నవాళ్లే చేస్తున్నారా, రికార్డులు చూపించండి అని. మందు బ్రాండు పేరొక్కటే చాలదు. అందులో అసలు పనిచేసే మందు పేరు, దాని శాతం, ఎన్ని నీళ్లలో ఎంత కలిపారు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, ఏ గదిలో ఎక్కడ కొట్టారు, ఇవన్నీ కావాలి. "కిచెన్" అంటే సరిపోదు, "సింకు కింద, గ్రైండర్ వెనక" అని రాయాలి.

ఎలుకల బాక్సులకు నంబర్లు వేసి, బిల్డింగ్ మ్యాపులో గుర్తు పెట్టండి. విషం కేకులు బయటి బాక్సుల్లోనే పెట్టండి, లోపల వద్దు.

మా దగ్గర జరిగింది చెబుతా. 22 బాక్సులు. కుర్రాడు వచ్చిన ప్రతిసారీ అన్నిటి ముందూ "ఓకే" కొట్టి వెళ్లేవాడు. ఒకరోజు 14వ నంబర్ చూద్దామని వెళ్తే బాక్సే కనపడలేదు. రెండు నెలల కిందట అక్కడ మేమే గోడ కట్టించాం, బాక్సు గోడ అవతల ఉండిపోయింది. ఆ రెండు నెలలూ స్లిప్పులో 14 ఓకే!

మియాపూర్_అమ్మ:
నాకు తనిఖీలు తెలియవు, ఇల్లు చూసుకునేదాన్ని. మా బాబుకి ఏడాదిన్నర. కప్‌బోర్డ్ మూలన పెట్టిన బొద్దింకల జెల్ వేలితో గీకి నోట్లో పెట్టుకున్నాడు. డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం మందు?" స్లిప్ తీస్తే "కాక్రోచ్ ట్రీట్‌మెంట్" అని ఉంది. ఆదివారం, వాళ్ల ఆఫీసు ఫోన్ ఎత్తరు. చివరికి వచ్చినబ్బాయి నంబర్ మా వాచ్‌మన్ దగ్గర దొరికింది. ట్యూబ్ ఫోటో పెట్టాడు, ఫిప్రోనిల్ 0.05 శాతం. బాబుకి ఏమీ కాలేదు కానీ ఆ గంటన్నర టెన్షన్ నేను మర్చిపోలేను. దయచేసి మందు పేరు రాయండి బాబూ.

పాత_టెక్నీషియన్:
మేడం చెప్పింది అక్షరాలా నిజం. విరుగుడు కూడా లేబుల్ మీదే ఉంటుంది, ఒక్క లైన్ స్లిప్పులో దించితే ఏం పోయింది? ఎలుకల కేకు బ్రోమాడయోలోన్ అయితే విటమిన్ కె1 అని రాయాలి.

చెదల పనికైతే లెక్క రాయండి. గోడ, నేల కలిసే చోట అడుగుకో రంధ్రం, రంధ్రానికి లీటర్ ద్రావణం. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటర్ నీళ్లకి 2.1 మి.లీ. అంటే 120 రంధ్రాలకు 252 మి.లీ., పావు లీటర్ సీసా మొత్తం అయిపోవాలి. "120 రంధ్రాలు" అని రాసి సగం సీసాతో తిరిగొచ్చిన కుర్రాణ్ణి నేను అక్కడే పట్టుకునేవాణ్ణి. కస్టమర్‌కి కూడా చెప్పండి, వైట్ సిమెంట్ పూసే ముందు రంధ్రాలు లెక్కపెట్టుకోమని.

బెజవాడ_స్ప్రే:
సంతకం సంగతేంటి? సగం చోట్ల వాచ్‌మనే పెడతాడు.

మేడ్చల్_క్యూఏ:
పెట్టనివ్వండి, పక్కన "వాచ్‌మన్" అని రాయించండి, వచ్చిన టైం, వెళ్లిన టైం వేయండి. మా గేట్ రిజిస్టర్‌తో పోల్చి చూస్తారు. ఆడిట్ రేపనగా ఒకే పెన్నుతో 12 నెలల స్లిప్పులు రాసి తెచ్చినవాళ్లను కూడా చూశాం. మే నెల స్లిప్పుకీ డిసెంబర్ స్లిప్పుకీ ఒకే సిరా, ఒకే మడత!

పాత_టెక్నీషియన్:
ఇంకోటి. కస్టమర్ చేయాల్సిన పని రాసి సంతకం తీసుకోండి. డ్రైనేజీ జాలీ విరిగింది, తలుపు కింద సందుంది అని. మూడు నెలల తర్వాత "ఎలుకలు తగ్గలేదు, డబ్బులివ్వం" అన్నప్పుడు ఆ కాగితమే మనల్ని కాపాడుతుంది.

బెజవాడ_స్ప్రే:
నిన్న కొత్త స్లిప్ మొదలుపెట్టా. చూడండి: "ఉదయం 10.20 నుంచి 11.05. కిచెన్, సింకు కింద, గ్యాస్ బండ వెనక. ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం జెల్, 18 చుక్కలు, బ్యాచ్ వేశాం. బండ వెనక పిల్ల బొద్దింకలు ఎక్కువ. సింకు పైపు చుట్టూ సందు, కస్టమర్ సిమెంట్ వేయించాలి. జెల్ దగ్గర స్ప్రే కొట్టొద్దు, తుడవొద్దు."

పాత_టెక్నీషియన్:
బాగుంది. లైసెన్స్ నంబర్ ఏది?

బెజవాడ_స్ప్రే:
అయ్యో! హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐపీహెచ్‌ఎంలో (మొక్కల ఆరోగ్యం చూసే జాతీయ సంస్థ) ట్రైనింగ్ అయ్యి, వ్యవసాయ శాఖ నుంచి లైసెన్స్ తెచ్చుకుని ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టుకున్నా. స్లిప్ మీద వేయడమే మర్చిపోయా. రేపే స్టాంప్ చేయిస్తా. కానీ మా కుర్రాళ్లు గొణుగుతున్నారు, ఇంత రాస్తే రోజుకి ఆరిళ్లు కావు, నాలుగే అవుతాయని.

మేడ్చల్_క్యూఏ:
మందు పేరు, బ్యాచ్, ఎక్స్‌పైరీ పొద్దున ఆఫీసులోనే రాసుకుని బయలుదేరమనండి. అక్కడ రాయాల్సింది చోటు, ఎంత వాడారు, ఏం కనపడింది. అయిదిళ్లు అవుతాయి.

మియాపూర్_అమ్మ:
ఆదివారం కూడా ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి వేయండి అన్నయ్యా. పెద్ద అక్షరాల్లో.