తాతగారి ఎడ్లబండి చక్రం బాగుచేయించాలి, సలహా చెప్పండి

ప్రశ్న (పద్మనాభం):
మా పెరట్లో తాతగారి నాటుబండి ఉందండీ, సంక్రాంతిలోపు బాగుచేయించి ఈసారి వరిగడ్డి దానిమీదే ఇంటికి తోలాలని నా కోరిక. కానీ ఒక చక్రానికి ఇనుప పట్టా వదులైపోయి చేత్తో లాగితేనే కదులుతోంది, రెండు ఆకులు (చక్రం నడుమ నుంచి అంచుదాకా ఉండే కర్రలు) చెద తినేసింది. సందుల్లో చెక్కముక్కలు దిగ్గొడితే సరిపోతుందా?

జవాబు (ఆనందపురం):
అలా మాత్రం చేయొద్దు తమ్ముడూ, బరువు పడగానే ఊడిపోతాయి. ముందు ఆకులు బాగా ఆరిన తుమ్మకర్రతో మార్పించు, పచ్చికర్ర అయితే ఎండాక కుదించుకుపోయి మళ్లీ వదులే. తర్వాత పట్టా కాస్త కోసి అతికించి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చి, ఆ వేడిమీదే చక్రానికి ఎక్కించి నీళ్లు పోస్తారు. ఇనుము బిగిసి కర్రని పట్టేస్తుంది. మా నాన్న చేయించినప్పటి ఆ పొగ, కర్ర మాడిన వాసన నాకింకా గుర్తే.

జవాబు (భీమిలి):
గడ్డికి బేలర్ (గడ్డిని కట్టలుగా చుట్టే యంత్రం) పెట్టిస్తున్నావా? అయితే మంచు ఆరి పొద్దెక్కాకే కట్టించు. తడిమీద చుడితే కట్ట లోపల వేడెక్కి బూజు పడుతుంది, అలాంటి గడ్డి పశువులకు వేయకూడదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. రేపే కమ్మరి దగ్గరికి వెళ్తాను.