పాతాళభైరవి మాంత్రికుడు ప్రతినాయకుడా, దాతా?

అందరికీ నమస్కారం. తిరుపతిలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. కథల నిర్మాణం గురించి ప్రాప్, తొదొరోవ్ అనే పండితులు చెప్పిన సిద్ధాంతాలను ఒక సాహస చిత్రానికి అన్వయించి సోమవారం సెమినార్ ఇవ్వాలి. తోటివాళ్లంతా ఇంగ్లీషు సినిమాలు పట్టుకున్నారు. నేను 1951 నాటి పాతాళభైరవి తీసుకున్నాను. చంద్రగిరిలో మా అవ్వ ఈ కథ చెప్తూనే నాకు అన్నం తినిపించేది, ఆ ధైర్యంతో.

ప్రాప్ 1928లో రష్యన్ జానపద కథలను విశ్లేషించి 31 ప్రకార్యాలు (అంటే కథను నడిపే పనులు), ఏడు రకాల పాత్రలు చెప్పాడు కదా. తోట రాముడు నాయకుడు, ఇందుమతి రాకుమారి, అంజి సహాయకుడు. ఇంతవరకు ఇబ్బంది లేదు. తంటా అంతా నేపాళ మాంత్రికుడితోనే. అతను ప్రతినాయకుడే. కానీ రాముణ్ని గుహ దాకా తీసుకెళ్లిందీ అతనే. అతను లేకపోతే కోరికలు తీర్చే బొమ్మ రాముడి చేతికి వచ్చేదే కాదు. మరి దాత, అంటే నాయకుడికి మాయావస్తువు అందించే పాత్ర, ఎవరు? అతనా, బొమ్మ ఇచ్చిన దేవతా? ఒకే మనిషి రెండు పాత్రలు మోయొచ్చని ప్రాపే అన్నాడు. అయినా బలివ్వడానికి తీసుకెళ్లినవాణ్ని దాత అనడానికి మనసొప్పడం లేదు.

తొదొరోవ్‌తో ఇంకో టెన్షన్. కథ సమతౌల్యంతో, అంటే అంతా సజావుగా ఉన్న స్థితితో మొదలై, అది చెడి, చివరికి మళ్లీ కుదురుకుంటుందని ఆయన అంటాడు. సమతౌల్యం ఎక్కడ చెడింది? రాముడు రాకుమారిని ప్రేమించినప్పుడా, మాంత్రికుడు బొమ్మ సంపాదించి ఆమెను ఎత్తుకుపోయినప్పుడా? నాకు రెండోదే సరి అనిపిస్తోంది. అలా అంటే మొదటి సగం సినిమాను ఏం చేయాలి? రెండు కథలుగా విడగొట్టి రాస్తే తప్పా? సాహిత్య విమర్శ చదివిన అన్నలు, అక్కలు కాస్త చెప్పండి. ఆదివారం రాత్రిలోపు అయితే ఇంకా మేలు.