రీ: ఇండియాలో బీఆర్క్ చేసి టెక్సస్ వచ్చాను, లైసెన్స్‌కి దారేమిటి?

శ్రావణి, ఫ్రిస్కో:
అందరికీ నమస్కారం. విజయవాడలో బీఆర్క్ చేసి, హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో మూడేళ్లు పనిచేశాను. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. ఆరు నెలల క్రితం అక్కడ మానేసి ఇక్కడికి వచ్చాను. వర్క్ పర్మిట్ ఈ మధ్యే చేతికొచ్చింది. ఇక్కడ ఆర్కిటెక్ట్ అవ్వాలంటే మళ్లీ చదవాలని కొందరు, పరీక్షలు రాస్తే చాలని కొందరు అంటున్నారు. తలా ఒక మాట చెప్తుంటే టెన్షన్‌గా ఉంది.

రమేశ్, హ్యూస్టన్:
శ్రావణి గారూ, చదువు సంగతి తర్వాత. ముందు ఈ వారమే ఎన్‌కార్బ్‌లో, అంటే ఇక్కడి రాష్ట్రాల ఆర్కిటెక్ట్ లైసెన్స్ బోర్డులన్నీ కలిసిన జాతీయ సంస్థలో, మీ పేరు మీద రికార్డు తెరవండి. ఎందుకో చెప్తాను.

మన దగ్గర 1972 నాటి చట్టం కింద, డిగ్రీ చూపించి ఫీజు కడితే కౌన్సిల్ నంబరిస్తుంది, అది దేశమంతా చెల్లుతుంది. ఇక్కడ లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. 1897లో ఇల్లినాయ్‌తో మొదలైన పద్ధతి, ఇప్పుడు డీసీ, ప్యూర్టోరికో లాంటివి కలుపుకుని 55 బోర్డులయ్యాయి. పరీక్ష, అనుభవం లెక్క చూసేది ఎన్‌కార్బ్. ఎవరికి అర్హత ఉందో తేల్చేది మాత్రం ఆయా బోర్డులే.

అనుభవం లెక్కని ఏఎక్స్‌పీ అంటారు. మొత్తం 3,740 గంటలు. ఇందులో మీ హైదరాబాద్ పని కూడా కలుస్తుంది. విదేశంలో అక్కడి ఆర్కిటెక్ట్ కింద చేసిన పనికి 1,860 గంటల దాకా ఇస్తారు. చిక్కు గడువు దగ్గర ఉంది. పని చేసిన ఎనిమిది నెలల్లోపు నమోదు చేస్తే పూర్తి గంటలు. ఆ తర్వాత అయిదేళ్ల దాకా సగమే. అయిదేళ్లు దాటిన పని ఈ లెక్కలోకి రాదు. మీరు మానేసి ఆరు నెలలే కాబట్టి చివరి రెండు నెలల పని ఇంకా పూర్తిగా దక్కుతుంది. మిగతాది సగమైనా ఆ 1,860 పరిమితికి సరిపోయేంత ఉంటుంది.

అయితే గంటలన్నీ ఒకే డబ్బాలో పడవు. ఆరు విభాగాలున్నాయి. వర్కింగ్ డ్రాయింగ్స్ లాంటి పనికి 1,520, డిజైన్‌కి 1,080, ఆఫీసు నిర్వహణకి 160, ఇలా. మన ఆఫీసుల్లో జూనియర్లని ఆటోక్యాడ్ ముందు కూర్చోబెట్టేస్తారు కాబట్టి డ్రాయింగ్స్ విభాగం తేలిగ్గా నిండుతుంది, మిగతావి ఖాళీగా ఉంటాయి. సైటుకెళ్లిన రోజులు, క్లయింట్ మీటింగులు, మున్సిపల్ పర్మిషన్ల కోసం తిరిగినవి, అన్నీ గుర్తుచేసుకుని దేనికి దాన్ని విడదీసి రాయండి.

వీటిని ఆన్‌లైన్‌లో ఆమోదించాల్సింది మీ పాత బాస్. ముందు ఫోన్ చేసి చెప్పండి. మా స్నేహితురాలి బాస్ ఎన్‌కార్బ్ మెయిల్ చూసి ఏదో మోసం అనుకుని డిలీట్ చేసేశారు.

లక్ష్మి, శాన్ హోసే:
అమ్మా శ్రావణీ, చదువు మాట నేను చెప్తా. టెక్సస్ బోర్డుకి నాబ్ (ఇక్కడి ఆర్కిటెక్చర్ డిగ్రీలకి గుర్తింపిచ్చే సంస్థ) గుర్తింపున్న డిగ్రీ కావాలి, లేదా మన డిగ్రీ దానికి సమానమని తేలాలి. ఆ తేల్చే పనిని ఈసా అంటారు. మార్కుల జాబితాలు, ప్రతి సబ్జెక్టు సిలబస్ అడుగుతారు. కాలేజీ వాళ్ల చుట్టూ తిరగడానికి విజయవాడలో మనిషి ఉంటే ఇప్పుడే పురమాయించు.

మనవాళ్లకి స్టూడియో, స్ట్రక్చర్స్‌లో పేచీ ఉండదు. తగ్గేది ఇంగ్లిష్, హ్యుమానిటీస్ లాంటి మామూలు సబ్జెక్టుల్లో. మన అయిదేళ్లూ ఆర్కిటెక్చరే కదా! తక్కువైనవి కమ్యూనిటీ కాలేజీలో పూర్తి చేసుకోవచ్చు. దానికోసం మాస్టర్స్ చేయక్కర్లేదు.

మాస్టర్స్ చేయాలనే ఉంటే ఒకటి చెవిన వేసుకో. ఎమ్మార్క్, ఎమ్మెస్ ఇన్ ఆర్కిటెక్చర్ ఒకటి కావు. నాబ్ గుర్తింపు ఇచ్చేది ఎమ్మార్క్‌కి, అదీ అన్నిచోట్లా కాదు. ఎమ్మెస్‌కి ఎంత ఫీజు కట్టినా లైసెన్స్ విషయంలో అక్కడే ఉంటావు. అడ్మిషన్ వాళ్లు దీన్ని నీ అంతట నువ్వు అడిగితే తప్ప చెప్పరు.

ఎప్పుడైనా కాలిఫోర్నియా వస్తే ఇక్కడ నాబ్ డిగ్రీ తప్పనిసరి కాదు. చదువు, అనుభవం కలిపి ఎనిమిదేళ్లు లెక్క చూస్తారు. కానీ భూకంపాల డిజైన్, ఇక్కడి చట్టాల మీద ఇంకో పరీక్ష అదనం.

కిరణ్, అట్లాంటా:
పరీక్షల గురించి రెండు ముక్కలు. లైసెన్స్ పరీక్ష పేరు ఏఆర్‌ఈ, అందులో ఆరు పేపర్లు. చిన్నదానికి 65 ప్రశ్నలు, పెద్దవి రెండింటికి వందేసి, నాలుగు గంటల పైన. తప్పితే 60 రోజులు ఆగి మళ్లీ రాయాలి. చాలా రాష్ట్రాల్లో గంటలు పూర్తికాకుండానే మొదలుపెట్టొచ్చు, టెక్సస్ నిబంధన బోర్డు సైట్లో చూసుకోండి.

మనకి కొరుకుడుపడనిది డిజైన్ కాదు, కాంట్రాక్టులు. తవ్వుతుంటే డ్రాయింగ్స్‌లో లేని రాయి తగిలిందనుకోండి. ఏఐఏ (ఇక్కడి ఆర్కిటెక్ట్‌ల సంఘం) వాళ్ల ఏ201 అనే నిర్మాణ కాంట్రాక్టు షరతుల పత్రం ప్రకారం కాంట్రాక్టర్ దాన్ని కదిలించకముందే ఓనర్‌కీ ఆర్కిటెక్ట్‌కీ నోటీసివ్వాలి, చూసిన 14 రోజుల్లోపు. మన సైట్లలో అయితే మేస్త్రీ ఫోన్ చేసి 'సార్, రాయి పడింది, బ్రేకర్ తెప్పిస్తున్నా' అంటాడు, అంతే. ఏ201, ఓనర్‌కీ ఆర్కిటెక్ట్‌కీ మధ్య ఒప్పందమైన బీ101, రెండూ అక్షరం వదలకుండా చదవండి. నా మాట వింటే కాంట్రాక్టుల పేపర్లు ముందు, పెద్దవి తర్వాత.

శ్రావణి:
చాలా థాంక్సండీ. ఇంకొక్కటి. అప్పటిదాకా లింక్డ్‌ఇన్‌లో ఆర్కిటెక్ట్ అని పెట్టుకోవచ్చా? ఇండియా రిజిస్ట్రేషన్ ఉంది కదా.

రమేశ్:
ఊరికే అలా పెట్టకండి. టెక్సస్‌లో ఆ పేరు బోర్డు లైసెన్స్ ఉన్నవాళ్లదే. ఇక్కడ డిజైనర్ అని రాయండి, రిజిస్ట్రేషన్ కింద ఇండియా అని విడిగా చూపించండి. ఇంటర్వ్యూల్లో ఏఎక్స్‌పీ గంటలు సంతకం చేసే లైసెన్స్‌డ్ ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఎవరని అడగండి. ఇంటీరియర్స్ సంస్థలో రెండు డాలర్లు ఎక్కువిచ్చినా, అక్కడ అలాంటివాళ్లు లేకపోతే మీకు కావాల్సిన మిగతా సగం గంటలు పుట్టవు.