ఒపెరాకి ఏం వేసుకెళ్తారు? (జనాన్ని చూసే సరదా ఉన్నవాళ్ళూ చెప్పండి)

వెన్నెలపిట్ట:
డిసెంబర్‌లో వియన్నా, మిలాన్ వెళ్తున్నాం. రెండుచోట్లా ఒపెరాకి టికెట్లు దొరికాయి. కథ చదువుకున్నాను, పాటలు వింటున్నాను, ఆ బెంగ లేదు. టెన్షన్ అంతా బట్టల గురించే. ఫోటోల్లో చూస్తే నేలమీద జీరాడే గౌన్లు, తెల్ల బో కట్టుకున్న మగవాళ్ళు. ఎవర్నైనా అడిగితే జీన్స్‌తో వెళ్ళినా పట్టించుకోరంటారు. ఏది నమ్మాలి? ఇంకో మాట. నాకు జనాన్ని చూడటం మహా సరదా. విరామంలో ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తారో కూడా చెప్పండి.

నిలబడే_చూస్తా:
మీరు చూసినవి వియన్నా ఒపెరా బాల్ ఫోటోలు అయ్యుంటాయి. అది ఏడాదికి ఒక్క రాత్రి. ఆ రోజు కింది కుర్చీలన్నీ తీసేసి, స్టేజీతో సమంగా నేల పరిచి డాన్స్ హాలు చేస్తారు. మగవాళ్ళకి తోక కోటు, ఆడవాళ్ళకి పాదాల దాకా గౌను తప్పనిసరి. మామూలు రోజుల్లో ఆ పట్టింపు లేదు.

నేనెప్పుడూ స్టాండింగ్ టికెట్టే తీసుకుంటాను. అక్కడ అన్నిటికన్నా ముఖ్యం స్కార్ఫ్. మెడకి కాదు, ముందున్న కమ్మీకి కట్టడానికి! అది కట్టి ఉంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని లెక్క. మీరు హాయిగా బయట తిరిగి రావచ్చు. తెర లేవకముందు ఆ కమ్మీల వరసే ఒక వేడుక. ఉన్ని మఫ్లరు, పక్కన మెరిసే సిల్కు స్కార్ఫు, ఆ పక్కన ఎవరిదో షూ లేసు. లేసు కట్టినాయన ఆట అయిపోయేదాకా ఒక వదులు బూటుతోనే నిలబడ్డాడు.

పైగ్యాలరీ:
మిలాన్ సంగతి తేదీని బట్టి ఉంటుంది. అక్కడి ఒపెరా హౌస్ లా స్కాలా సీజన్ ఏటా డిసెంబర్ 7న, సెయింట్ ఆంబ్రోజ్ పండగ రోజున మొదలవుతుంది. మీ టికెట్ ఆ రోజుది అయితే ఎంత ముస్తాబైనా ఎక్కువ కాదు. మంత్రులు, ఫ్యాషన్ వాళ్ళు, కెమెరాల మెరుపులు, బయట చౌకులో నినాదాలు కూడా. మిగతా రోజుల్లో ముదురు రంగు సూటో, నిండైన డ్రెస్సో చాలు. నిక్కర్లు, బనీను లాంటి టాపులు, హవాయి చెప్పులు మాత్రం ఒప్పుకోరు. గుమ్మంలోనే ఆపేస్తారు, డబ్బూ తిరిగి రాదు. డిసెంబర్ చలిలో మీకా సమస్య రాదులెండి.

అక్కడ అన్నిటికన్నా పైనుండే గ్యాలరీని లొజ్జోనె అంటారు. నగలు కింద, చెవులు పైన. ఆ పైవాళ్ళకి నచ్చకపోతే మొహమాటం ఉండదు. 2006లో ‘ఐదా’ అనే ఒపెరా ఆడుతుండగా పై నుంచి అరుపులు వినపడి, హీరో పాత్రధారి రొబెర్తో అలాన్యా స్టేజీ దిగి వెళ్ళిపోయాడు. సంగీతం ఆగకుండా ఇంకో గాయకుణ్ణి ఒంటిమీదున్న మామూలు బట్టలతోనే లోపలికి తోశారు. చుట్టూ ఈజిప్టు రాజవైభవం, మధ్యలో ఆయన!

కోటుగుండీ:
నాకు ఈ ముస్తాబు గోలే అర్థం కాదు. పాట వినడానికి వెళ్ళినవాళ్ళకి పక్కవాడి టై ఎందుకు? శుభ్రమైన చొక్కా చాలదా?

మెట్లపిచ్చి:
కోటుగుండీ గారూ, చొక్కా చాలు, కాదనను. కానీ చూడటం, చూపించుకోవడం ఒపెరాకి తర్వాత అంటుకున్న జబ్బు కాదండీ. ఒకప్పుడు ఆట సాగుతున్నంతసేపూ హాల్లో దీపాలు వెలుగుతూనే ఉండేవి. గుర్రపు నాడా ఆకారంలో కట్టిన హాళ్ళలో పక్క బాక్సుల నుంచి స్టేజీ సగమే కనపడుతుంది, ఎదుటి బాక్సు మాత్రం పూర్తిగా కనపడుతుంది. చేతి దుర్భిణీలు ఎటు తిరిగేవో వేరే చెప్పాలా! 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో, తన ఒపెరాల కోసం కట్టించుకున్న హాల్లో, సంగీతకారుడు వాగ్నర్ హాలంతా చీకటి చేశాకే చూపు స్టేజీకి కట్టుబడింది.

1875లో తెరిచిన ప్యారిస్ ఒపెరా హౌస్ పలే గార్నియేకి వెళ్ళండి. అక్కడి పాలరాతి మెట్లు ఎక్కడానికి కట్టినవి కావు, ఎక్కుతూ కనపడటానికి కట్టినవి. చుట్టూ బాల్కనీలు, అందులోంచి తొంగిచూసే తలలు. వెన్నెలపిట్ట గారూ, జనాన్ని చూడటానికి నాకు తెలిసి ఇంతకు మించిన చోటు లేదు. విరామంలో అందరితో పాటు కిందికి దిగకండి. మొదటి అంతస్తు పిట్టగోడ దగ్గర ఆగండి. ఒకసారి నేనలా నిలబడి ఉంటే, ఆకుపచ్చ వెల్వెట్ గౌనులో ఒక పెద్దావిడ మహారాణిలా నడిచొచ్చి స్తంభం చాటుకి చేరింది. అటూ ఇటూ చూసి ఒక చెప్పు విప్పి, చల్లటి రాయి మీద పాదం ఆనించి కళ్ళు మూసుకుంది. ఎవరో పలకరించేసరికి పాదం మళ్ళీ చెప్పులోకి దూరిపోయింది, మొహంలో మాత్రం మహారాణి చెక్కుచెదరలేదు. ఆ రోజు పాడినవాళ్ళెవరో నాకు గుర్తులేదు.

మంచుబూట్లు:
రష్యాలో చదువుకున్న రోజుల సంగతి. చలికాలం అక్కడ ఆడవాళ్ళు మంచు బూట్లతో వచ్చి, కోట్లు దాచిపెట్టే క్లోక్‌రూమ్ దగ్గర సంచిలోంచి హీల్స్ తీసి మార్చుకుంటారు. కోటు, టోపీ, బూట్లు అన్నీ అక్కడ అప్పగించాక ఒక్క క్షణంలో మనిషే మారిపోతుంది. నాకు హాలుకన్నా కోట్లు అప్పగించే ఆ బల్ల దగ్గరే ఇష్టం. ఇంకో కిటుకు. అక్కడే దుర్భిణీ అద్దెకు తీసుకుంటే, చివర్లో దాన్ని తిరిగివ్వాలి కాబట్టి కోటు కోసం క్యూలో నిలబడక్కర్లేదు, ముందుకు పిలుస్తారు. అందుకని సగం మంది దుర్భిణీ కళ్ళకి పెట్టుకోనే పెట్టుకోరు.

కోటుగుండీ:
సరే, ఆ చెప్పు సీను చూడ్డానికైనా వస్తా.

నిలబడే_చూస్తా:
బైరాయిట్ పేరొచ్చింది కాబట్టి ఒకటి. అక్కడ గట్టి చెక్క కుర్చీలు, ఏసీ లేదు, ఆటలు వేసవిలో ఎక్కువగా సాయంత్రం 4కి మొదలు. మొదటి అంకానికి అందరూ నిండు కోట్లలో కూర్చుంటారు, మూడో అంకానికి చొక్కా చేతులు పైకి మడిచి ఉంటాయి. విరామం అయిపోతోందని బాల్కనీ మీద బూరలు ఊది చెప్తారు. పావుగంట ముందు ఒకసారి, పది నిమిషాలకి రెండుసార్లు, ఐదు నిమిషాలకి మూడుసార్లు. ఇంగ్లండ్‌లో గ్లైండ్‌బోర్న్ ఒపెరా ఉత్సవం ఇంకో రకం. సుమారు గంటన్నర విరామం, నల్ల బో, కోటుతో (దాన్నే బ్లాక్ టై అంటారు) గడ్డిలో పిక్నిక్. మధ్యాహ్నం రైల్లోనే అలా ముస్తాబై కూర్చుంటారు, ఆఫీసు జనం మధ్య.

వెన్నెలపిట్ట:
అందరికీ థాంక్స్. మిలాన్ టికెట్ 7వ తేదీది కాదు, బతికిపోయా. నల్ల పొడుగు డ్రెస్, హీల్స్ లేని చెప్పులు అనుకుంటున్నా. గలగలలాడే బ్రేస్‌లెట్లు వేసుకోవచ్చా?

పైగ్యాలరీ:
విరామంలో వేసుకోండి, తెర లేచేముందు బ్యాగులో పెట్టేయండి. సెంటు కూడా కొంచెమే. జుట్టు ఎత్తుగా కట్టుకోకండి, వెనకవాళ్ళు పాట కన్నా మీ ముడినే ఎక్కువ చూడాల్సొస్తుంది.