ఏఓసీకి ప్రెసిడెంట్ పోటీ తప్ప వేరే దారి లేదా?

నయీంనగర్_రాజు:
ఏఓసీ అంటే అమెరికా పార్లమెంటు (అక్కడ కాంగ్రెస్ అంటారు) సభ్యురాలు, డెమొక్రాట్ అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్, ఆమె గురించి అడుగుతున్నా. యూట్యూబ్‌లో ఏ చర్చ పెట్టినా 2028లో ప్రెసిడెంట్‌గా నిలబడుతుందా, నిలబడదా అన్న ముచ్చటే. వయసు అడ్డం కాదు, 1989 అక్టోబర్‌లో పుట్టింది, ప్రెసిడెంట్‌కు కావాల్సిన 35 ఎప్పుడో నిండినయ్. 2018 ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నిక) జో క్రౌలీ అంతటి సీనియర్ కాంగ్రెస్ సభ్యుడిని ఓడించినప్పుడు నేను కాకతీయ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ పీజీ చేస్తున్నా, బార్‌లో పనిచేసిన అమ్మాయి 29 ఏళ్లకే కాంగ్రెస్‌కు పోయిందని హాస్టల్‌లో తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. అప్పటి నుంచి ఫాలో అవుతున్నా కాబట్టే ఈ ఒక్క ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోవడం నచ్చడం లేదు. జనానికి వైద్యం, జీతాలు, ఇళ్ల కిరాయిలు అని మాట్లాడే నాయకురాలు ఆ పని నిజంగా ఎక్కడ కూర్చుంటే చేయగలదు? సెనేటా (పై సభ), ఇప్పుడున్న హౌసేనా (దిగువ సభ), మంత్రి పదవా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

కాజీపేట_వాణి:
తమ్మీ, నా ఓటు సెనేట్‌కే. న్యూయార్క్‌లో సెనేటర్ చక్ షూమర్ సీటుకు ఎన్నిక కూడా 2028లోనే. హౌస్‌లో 435 మందిలో ఒకరు, రెండేళ్లకోసారి ఎలక్షన్, గెలిచిన మర్నాటి నుంచే మళ్లీ ప్రచారం. సెనేట్‌లో 100 మందిలో ఒకరు, ఆరేళ్లు టైం.

ఒక ఉదాహరణ చెప్తా. మా చెల్లె వాళ్లు డల్లాస్‌లో ఉంటారు, పిల్లగాడికి ఆస్తమా, ప్రతి నెల ఇన్‌హేలర్ కొనాలంటే ఇంట్లో టెన్షన్. 2024 జనవరిలో బెర్నీ సాండర్స్ సెనేట్ హెల్త్ కమిటీ ఛైర్మన్ హోదాలో ఇన్‌హేలర్ ధరల మీద విచారణ మొదలుపెట్టాడు, అమెరికాలో ఒక రేటు, యూరప్‌లో ఒక రేటు ఎందుకని కంపెనీలను నిలదీశాడు. కొన్ని నెలల్లోనే నాలుగు పెద్ద కంపెనీల్లో మూడు, పేషెంట్ జేబులోంచి నెలకు 35 డాలర్లు దాటకుండా చూస్తామని ప్రకటించాయి. కొత్త చట్టం లేదు, ఓటింగ్ లేదు. 2016లో, 2020లో ప్రెసిడెంట్ నామినేషన్ దక్కని మనిషి ఒక కమిటీ కుర్చీలో కూర్చుని చేసిన పని అది.

టెడ్ కెనడీ సంగతి కూడా చూడు. 1980లో అప్పటి ప్రెసిడెంట్ కార్టర్ మీద ప్రైమరీలో ఓడిపోయాడు, ఆ తర్వాత 2009లో చనిపోయేదాకా సెనేట్‌లోనే ఉన్నాడు. 1997లో రిపబ్లికన్ ఓరిన్ హ్యాచ్‌తో కలిసి పిల్లల ఆరోగ్య బీమా చట్టం తెచ్చాడు. ప్రెసిడెంట్ అయి ఉంటే ఎక్కువలో ఎక్కువ ఎనిమిదేళ్లే కదా.

సుబేదారి_లాయర్:
వాణి గారూ, సెనేట్ అంత సులువు అనుకోవద్దు. షూమర్ సీటుకు నిలబడితే అదే ఎన్నికలో హౌస్ సీటు వదులుకోవాలి. ఆమెది బ్రాంక్స్, క్వీన్స్ నియోజకవర్గం. సెనేట్ అంటే రాష్ట్రమంతా, పైన పాడి రైతులుండే ఊర్ల దాకా తిరగాలి. పైగా అక్కడ చాలా బిల్లులు 60 ఓట్లు లేనిదే కదలవు.

హౌస్‌లోనే ఉంటే తప్పేంది? 2024 డిసెంబర్‌లో ప్రభుత్వ పనితీరు మీద నిఘా పెట్టే ఓవర్‌సైట్ కమిటీలో పార్టీ తరఫు పెద్ద స్థానానికి పోటీ చేసి జెర్రీ కానలీ చేతిలో 131-84తో ఓడిపోయింది. సీనియారిటీ లెక్కలు అక్కడ అంత గట్టిగా ఉంటాయి. తర్వాత ఎనర్జీ అండ్ కామర్స్ కమిటీకి మారింది, 2025లో ఓవర్‌సైట్ స్థానం మళ్లీ ఖాళీ అయితే పోటీ చేయకుండా ఈ కమిటీలోనే ఉంటానంది. నాకు ఇది చాలా ముఖ్యంగా కనిపిస్తది, ఎందుకంటే పేదల వైద్యానికి ప్రభుత్వం పెట్టే మెడికెయిడ్ హౌస్‌లో ఈ కమిటీ చేతిలోకే వస్తది. మన ఆరోగ్యశ్రీలో ఏ జబ్బు ఉండాలి, ఏది పోవాలి అని తేల్చే గదిలో ఉన్నట్టు. నాన్సీ పెలోసి 47 ఏళ్లకు హౌస్‌లోకి వచ్చి 20 ఏళ్లకు, 2007లో, స్పీకర్ అయింది. ఏఓసీకి ఆ 47 రావడానికే ఇంకా చాలా టైం ఉంది.

మామునూరు_నవోదయ_బ్యాచ్:
మీ ఇద్దరూ కాంగ్రెస్ దగ్గరే ఆగారు. నేను పీవీ గారి సంగతి ఎత్తుతా, మన లక్నేపల్లిలో పుట్టిన మనిషే కదా. 1971లో ముఖ్యమంత్రి అయి భూసంస్కరణల మీద పట్టుపట్టారు, 1973 జనవరికి పదవి పోయింది. 1984లో మన హన్మకొండలోనే చందుపట్ల జంగారెడ్డి మీద ఓడిపోయారు, మహారాష్ట్రలోని రాంటెక్ గెలిపించింది. 1985లో మానవ వనరుల శాఖ మంత్రి అయ్యారు, నవోదయ స్కూళ్లు ఆయన హయాంలోనే మొదలైనయ్. ఊర్లో సర్కారు బడిలో ఐదు చదివిన నాకు ఆరో తరగతి నుంచి మామునూరులో హాస్టల్, తిండి, పుస్తకాలు అన్నీ ఫ్రీ. మా నాన్న హమాలీ. ప్రధానమంత్రి కాకముందే ఆయన చేసిన ఈ పని వల్లే నేను ఇంజనీరింగ్ దాకా వచ్చిన.

అమెరికాలో దీనికి దగ్గర మనిషి ఫ్రాన్సిస్ పెర్కిన్స్. 1933 నుంచి 1945 దాకా ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ దగ్గర లేబర్ సెక్రటరీ, అంటే కార్మిక మంత్రి. 1935 సోషల్ సెక్యూరిటీ, 1938 కనీస వేతన చట్టం వెనక ఆమె కష్టం ఉంది, ఆమె ఏ ఎన్నికలోనూ గెలిచి రాలేదు. రేపు డెమొక్రాట్ ప్రెసిడెంట్ వస్తే ఏఓసీ లేబర్ సెక్రటరీ ఎందుకు కాకూడదు? ఒకటే ఇబ్బంది, అక్కడ మంత్రి కావాలంటే కాంగ్రెస్ సీటుకు రాజీనామా చేయాలి, మన దగ్గరలా రెండూ కుదరవు.

నయీంనగర్_రాజు:
అందరికీ థ్యాంక్స్. పెర్కిన్స్ గురించి ఇంత తెలియదు. కానీ అన్నా, మంత్రి పదవి ప్రెసిడెంట్ దయ మీద ఉంటది, పెర్కిన్స్‌కు 12 ఏళ్లు దొరికినయ్ అంటే అటువైపు రూజ్వెల్ట్ ఉన్నాడు కాబట్టి. మరి మేయర్, గవర్నర్ దారి? న్యూయార్క్ మేయర్ జోహ్రాన్ మమ్దానీ ఉగాండాలోని కంపాలాలో పుట్టాడు, పుట్టుకతో అమెరికా పౌరుడు కాదు కాబట్టి రాజ్యాంగం ప్రకారం ప్రెసిడెంట్ కాలేడు, అందుకే అతన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు, నేరుగా బస్సులు, కిరాయిల గురించే అడుగుతారు. ఏఓసీకి కూడా అలాంటి కుర్చీ మంచిది కాదా?

కాజీపేట_వాణి:
మేయర్‌కు చేతులు కట్టేసి ఉంటాయి తమ్మీ. న్యూయార్క్‌లో బస్సులు నడిపే సంస్థ రాష్ట్రానిది, ధనవంతుల మీద ఇన్‌కమ్ టాక్స్ పెంచాలన్నా రాష్ట్ర రాజధాని ఆల్బనీలో శాసనసభ ఒప్పుకోవాలి. గవర్నర్ అయితే నిజంగా బలం ఉంటది, కానీ ఆమె ఇన్నేళ్లు నేర్చుకున్నది ఫెడరల్ పని, మెడికెయిడ్, కరెంటు, వాతావరణం. 2019లో సెనేటర్ ఎడ్ మార్కీతో కలిసి వాతావరణం, ఉద్యోగాల మీద గ్రీన్ న్యూ డీల్ తీర్మానం పెట్టినప్పటి నుంచి అదే లైన్. అందుకే మళ్లీ సెనేట్ అంటున్నా. 2027లో ఆమె న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో, రోచెస్టర్, సిరక్యూస్ వైపు పాడి రైతులతో మీటింగులు పెడుతుంటే సెనేట్ అనుకో, ప్రెసిడెంట్ ప్రైమరీలు సాధారణంగా మొదట్లో జరిగే సౌత్ కరోలినా, నెవాడా రాష్ట్రాలు తిరుగుతుంటే మీ యూట్యూబ్ వాళ్లు చెప్పిందే అనుకో.