ఆడ, మగ తేడాకీ సమాధానానికీ సంబంధం ఉందా? కై-స్క్వేర్ (సంబంధం ఉందో లేదో చూసే గణాంక పరీక్ష) వాడినవాళ్లు చెప్పండి

పరిశోధక_విద్యార్థి:
సర్వేలో 200 మంది. ఆడవాళ్లు 80, మగవాళ్లు 120. ఇంటి నుంచే పని కావాలన్నవాళ్లు ఆడవాళ్లలో 28 మంది, మగవాళ్లలో 22 మంది. నాలుగు గడుల్లో మొత్తంలో ఎంత శాతమో పెట్టాను: 14, 26, 11, 49. కై-స్క్వేర్ 3.56 వచ్చింది. సంబంధం ఉందనాలంటే దాటాల్సిన హద్దు 3.84 కదా, సంబంధం లేదని రాసేయొచ్చా?

లెక్కల_మాస్టారు:
రాయకండి. శాతాలు పెడితే మీరు అడిగింది 100 మందినే అన్నట్టు లెక్క తేలుతుంది. మనుషుల సంఖ్యే పెట్టాలి. ఒక గడి చూడండి: సంబంధమే లేకపోతే, ఇంటి నుంచి పని కోరే ఆడవాళ్లు 80×50÷200, అంటే 20 మంది ఉండాలి. ఉన్నది 28. తేడా 8, దాని వర్గం 64, 20తో భాగిస్తే 3.2. మిగతా మూడు గడులూ ఇలాగే చేసి కూడితే 7.11. హద్దు బాగానే దాటింది.

పరిశోధక_విద్యార్థి:
చాలా థ్యాంక్స్ అండీ. కానీ ఆర్ సాఫ్ట్‌వేర్‌లో 6.25 చూపిస్తోంది, టెన్షన్‌గా ఉంది.

డేటా_పని:
కంగారేం లేదు. 2×2 పట్టిక అయితే ఆర్ దానంతట అదే యేట్స్ సవరణ (కై-స్క్వేర్ విలువని కాస్త తగ్గించే దిద్దుబాటు) వేస్తుంది. వేసినట్టు రిపోర్టులో రాస్తే చాలు.

సర్వే_అనుభవం:
నాకు ఎప్పుడూ ఇబ్బంది పెట్టేది చిన్న గడులు. వయసు ఆరు వర్గాలు, చదువు ఐదు అనుకుంటే 30 గడులు. 200 మంది ఏ మూలకి? ఆశించిన సంఖ్య (సంబంధమే లేకపోతే గడిలో ఉండాల్సినది, పైన 20 లాంటిది) 5 కంటే తక్కువున్న గడులు 20 శాతం మించకూడదు, 1 కంటే తక్కువ ఒక్కటీ ఉండకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. పక్కపక్క వయసు వర్గాలు కలిపేయండి, కానీ ఫలితం చూడకముందే. చిన్న పట్టికైతే, తక్కువ సంఖ్యలకీ పనికొచ్చే ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్ష ఉంది. ఇంకోటి, ఒక మనిషి ఒక్క గడిలోనే ఉండాలి. ఒకరే రెండు మూడు టిక్కులు పెట్టే ప్రశ్నలకి ఈ పరీక్ష నేరుగా పనికిరాదు. అదే మనుషుల్ని ముందూ తర్వాతా అడిగి, అవును-కాదు సమాధానాలు పోల్చాలంటే మెక్‌నెమార్ పరీక్ష వాడాలి.

లెక్కల_మాస్టారు:
పీ-విలువ (సంబంధమే లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంకా ఎక్కువ, యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) దగ్గరే ఆగిపోవద్దు, సంబంధం ఎంత బలమో 0 నుంచి 1 మధ్య చెప్పే క్రామర్స్ వీ కూడా ఇవ్వండి. మీకు 0.19, అంటే సంబంధం బలహీనమే. ఇవే నిష్పత్తులతో 2000 మంది ఉంటే కై-స్క్వేర్ 71 దాటుతుంది, వీ మాత్రం 0.19 దగ్గరే ఉంటుంది. అందుకే పెద్ద సర్వేల్లో పీ-విలువ ఒక్కటే చూసి సంబరపడేవాళ్లంటే నాకు బాధ.

డేటా_పని:
వృత్తి కూడా అడిగారా? అడిగి ఉంటే ఒక్కో వృత్తికీ విడిగా పట్టిక వేసి చూడండి. ఆఫీసు పనుల్లో ఆడవాళ్లు ఎక్కువుండటం వల్ల వచ్చిన తేడా అయితే అక్కడ బయటపడుతుంది.