కవరేజీ గ్రాఫ్‌లో 148 శాతం వస్తోంది, ఎక్కడ తప్పు?

ప్రశ్న:
ఖమ్మం వైపు 30 ఊళ్లలో నులిపురుగుల మాత్రల మీద ఇంటింటి సర్వే చేశాం. ఫిబ్రవరి 10న ఆల్బెండజోల్ మింగారా లేదా అనేది ఒక కాలమ్, బడికి వెళ్తారా అనేది ఇంకో కాలమ్. వెళ్లేవాళ్లు 412 మందిలో 371 మంది మింగారు, 90 శాతం. వెళ్లనివాళ్లు 19 మందే, 11 మంది మింగారు, 58 శాతం. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో, కడ్డీలు గీసే జియోమ్ కాల్ కమాండ్‌తో గీస్తే ఒకే కడ్డీ వచ్చి 148 దాకా పోయింది! రేపు పొద్దున్నే మీటింగ్, టెన్షన్‌గా ఉంది. పైగా తెలుగు లేబుళ్లలో వత్తులు ఊడి పక్కన పడుతున్నాయి.

జవాబు 1:
ఎక్స్‌లో (అడ్డం అక్షం) కార్యక్రమం పేరు, ఫిల్‌లో (కడ్డీ రంగు) బడి కాలమ్ ఇచ్చినట్టున్నారు. మనమేమీ చెప్పకపోతే జియోమ్ కాల్ ఒకదాని మీద ఒకటి పేర్చేస్తుంది, అందుకే 90, 58 కలిసి 148 అయింది. బడి కాలమ్‌నే ఎక్స్‌లో పెట్టండి, సరిపోతుంది. వత్తుల సంగతికొస్తే, ఫాంట్ల కోసం షోటెక్స్ట్ ప్యాకేజీ వాడుతుంటే తీసేయండి, అది వత్తుల్ని సరిగా కలపదు. గ్రాఫ్‌ను బొమ్మగా సేవ్ చేసే రాగ్ ప్యాకేజీ వేసుకుని నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఇవ్వండి.

జవాబు 2:
అసలు కడ్డీలెందుకండీ? 19 మందిలో ఇంకో ఇద్దరు మింగి ఉంటే 58 కాస్తా 68 అయ్యేది. చుక్క పెట్టి, అసలు శాతం ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చూపేలా దానికి అటూ ఇటూ గీత గీయండి, అందుకు జియోమ్ పాయింట్‌రేంజ్ కమాండ్ ఉంది. ఆ గీత కోసం ఆర్‌లోని సర్వే ప్యాకేజీలో ఊరిని క్లస్టర్‌గా, అంటే ఒక గుంపుగా, చెప్పాలి. ఒకే ఊరి పిల్లలకు మాత్ర ఇచ్చేది ఒకే టీచరు, ఒకే ఆశా కదా. ఊరు చెప్పకపోతే గీత ఉత్తపుణ్యానికి పొట్టిగా వస్తుంది.

ఇంతకీ "బడికి వెళ్తాడా" అని అడిగారా, "ఆ రోజు వెళ్లాడా" అని అడిగారా? ఫిబ్రవరి అంటే మీ వైపు మిరప కోతలు. పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, పిల్లాడు చేలో ఉంటాడు.

అడిగినవారు:
రెండూ అడిగాం సార్. రెండోదాని కాలమ్ పేరు "ప్ర14" అని ఉంటే చూసుకోలేదు. ఇప్పుడు విడదీశాను. ఆ రోజు బడిలో ఉన్నవాళ్లు 365, మింగింది 349. పేరుండి రానివాళ్లు 47, మింగింది 22. అంటే 47 శాతం, అసలు బడికే పోనివాళ్లకన్నా తక్కువ! బడి మానేసినవాళ్లకు అంగన్‌వాడీలో ఇచ్చారు. పేరుండి రానివాళ్లకు బడిలో ఇచ్చి ఉంటారని ఆశా అనుకుంది. వారం తర్వాత మిగిలినవాళ్లకు ఇచ్చిన రోజుకీ కోతలు అయిపోలేదు. మూడు చుక్కలతో మళ్లీ గీస్తున్నాను. "గుర్తులేదు" అన్న ఆరుగురిని లెక్కలో కలపలేదు, పర్లేదా?

జవాబు 2:
పర్లేదు, కానీ ఆరుగురున్నారని గ్రాఫ్ కింద రాయండి. మీటింగ్‌లో ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు.